పలకపిండి అరుగు

ఖాసిం ఊపిరి గోడకి తగిలించి ఉండేది. మాటవరసకి కాదు, నిజంగానే. పడమటి గోడకి రెండు మేకుల మీద ఒక బూడిదరంగు రేకుపెట్టె, దాని కింద నేలమీద ఆక్సిజన్ మిషను, మిషను నుంచి ఖాసిం ముక్కుదాకా సన్నని గొట్టం. సాయంత్రం ఆరింటికి కరెంటు లైను చచ్చిపోతుంది. ఆ క్షణాన పెట్టె అందుకోకపోతే మిషను ఆగుతుంది. మిషను ఆగితే ఖాసింకి గంట గడవడం కూడా కష్టం.

కొండవైపు పల్లెలకి రాత్రి కరెంటు తీసేసి మూడేళ్ళయింది. ఇంటికి ఎనిమిదేసి సోలార్ ప్యానెళ్ళు బిగించి, ఇక మీకు మేమెందుకని ఆరు నుంచి ఆరు దాకా లైను కోసేశారు. ఎండ పగలే కాస్తుంది. మనిషి రాత్రి కూడా ఊపిరి పీలుస్తాడు. ఈ చిన్న సంగతి కాయితాలు రాసినవాళ్ళకి తట్టలేదు. తట్టడానికి వాళ్ళ ముక్కుల్లో గొట్టాలు లేవు. బజారులో దొరికే బాటరీ ఒకటి తెచ్చి పెడితే, నల్లరాయిపాడు ఎండకి అది రెండో వేసవికే అప్పడంలా ఉబ్బింది.

నల్లరాయిపాడు పలకల ఊరు. బడిపిల్లలు అఆలు దిద్దుకునే పలకల కోసం రాయి తవ్వి, చీల్చి, కోసి, అరగదీసి లారీలకి ఎత్తిన ఊరు. ఖాసిం పందొమ్మిదేళ్ళు కోతమిషను మీద నిలబడ్డాడు. ఆ దుమ్మంతా ఛాతీలో గడ్డకట్టింది. అతని భార్య దస్తగిరమ్మ అదే ఫ్యాక్టరీలో పలకలకి చెక్క ఫ్రేములు కొట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవరూ నేర్పకుండానే వైరింగు నేర్చుకుంది. రెండుసార్లు షాకు కొట్టించుకుంది, ఒకసారి పక్కింటి టీవీ తగలబెట్టింది, చివరికి ఊరందరి ప్యానెళ్ళకీ ఆవిడే దిక్కయింది.

ఆ మూతపడ్డ షెడ్డులోకే రెండేళ్ళ కిందట శేషుకుమారి వచ్చింది. రాళ్ళ గురించి చదువుకున్న శాస్త్రవేత్త. పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది కదా, దాన్ని పిండి కొట్టి, బొగ్గు పూసిన గుడ్డల మధ్య ఉప్పునీళ్ళలో పేర్చి చూసింది. పగటి కరెంటు ఆ పొరల్లోకి దూరి కూర్చుంది. చీకటిపడ్డాక అడిగితే బయటికొచ్చింది. అంటుకోదు, పేలదు, ఉబ్బదు. ఊరి చుట్టూ కొండల్లా పడి ఉన్న దుమ్మే సరుకు. షెడ్డులో వైరింగు పని దస్తగిరమ్మకి ఇచ్చింది. పన్నెండు గంటలు నిలిచిన మొదటి పెట్టెని తీసుకొచ్చి ఖాసిం గోడకి తగిలించింది.

ఖాసిం నవ్వాడు. నవ్వితే అతనికి దగ్గొస్తుంది. దగ్గు ఆగాక అన్నాడు, "పందొమ్మిదేళ్ళు నేను దాన్ని పీల్చాను. ఇప్పుడది నాకోసం పీలుస్తంది. చెల్లుకి చెల్లు."

చెల్లుకి చెల్లు కాలేదు. దానికి కారణం ఒక పంపు.

వచ్చే సోమవారం కంపెనీ మనిషి వస్తాడు. శేషుకుమారి పరిశోధనకి ఆ కంపెనీయే పెట్టుబడి. ఖాసిం ఇంట్లో పెట్టె ఎలా నడుస్తోందో కళ్ళారా చూసి, బాగుంటే ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టి ముప్పై వేల పెట్టెలు చేయిస్తాడు. ఊరంతా ఆ మాటే. కానీ ఒక చిక్కు తెగలేదు. కొన్ని పెట్టెలు పన్నెండు గంటలు నిలుస్తున్నాయి, కొన్ని ఐదు గంటలకే చేతులెత్తేస్తున్నాయి. రాయి ఒకటే, ఉప్పు ఒకటే, గుడ్డ ఒకటే. మూడో గని రాయిలో ఏదో ఉందని శేషుకుమారి అనుమానం. వారం నుంచి ఆ రాయినే భూతద్దాల కింద పెట్టి చూస్తోంది.

దస్తగిరమ్మకి అద్దాలు అక్కర్లేకపోయాయి. శుక్రవారం పొద్దున షెడ్డు గోడమీది బోర్డు చూసింది. ఏ రోజు పిండి ఏ పెట్టెలోకి వెళ్ళిందో అక్కడ రాసి ఉంటుంది. పన్నెండు గంటల పెట్టెలన్నీ పిండిమిల్లు నడిపే ఓబులేసు పనిలో ఉన్న రోజులవే. ఓబులేసు సెలవు పెట్టి వేరేవాళ్ళు నడిపిన రోజుల పెట్టెలు ఐదు గంటలవి.

చేతిలో స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని మిల్లు గదికి నడిచింది. తలుపు తోసింది. అంతే, అర్థమైపోయింది.

గదిలో పొగమంచు. పొగమంచు కాదు, పిండి. అందులో ఓబులేసు మూతికి తువ్వాలు చుట్టుకుని, కనుబొమలూ కనురెప్పలూ తెల్లగా అయిపోయి, ముప్పై ఒక్కేళ్ళ వయసులో ముసలాడిలా నిలబడి ఉన్నాడు. మిల్లు నోట్లోకి నీళ్ళు పడాలని దస్తగిరమ్మ తన చేత్తో బిగించిన గొట్టం ఎండిపోయి వేలాడుతోంది. గోడ దగ్గర పంపు కట్టేసి ఉంది.

మిల్లు ఆపి, అతన్ని రెక్క పట్టుకుని బయట ఎండలోకి లాక్కొచ్చింది.

"పంపు ఎవరు కట్టారు?"

"నేనే అక్కా." ఓబులేసు తువ్వాలు దులిపాడు. ఇద్దరి మధ్యా మేఘం లేచింది. "నీళ్ళు తగిలితే పిండి జల్లెడకి బంకలా పట్టుకుంటది. పొద్దున వేసింది పొద్దుగూకినా దిగదు. పొడిగా వేస్తే రెండు గంటలు. మెత్తన కూడా ఎక్కువే. చూడు." చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని ముందుపళ్ళతో నమిలి చూపించాడు. పలక పనివాళ్ళు మెత్తన చూసే పద్ధతే అది. "ఇసుకంత కూడా తగలదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది నుంచి."

వినాయక చవితి వెళ్ళి వారమైంది. దస్తగిరమ్మ లోపల నెలలు లెక్కపెట్టుకుంది.

"మూతికి తువ్వాలు కట్టుకున్నాగా," అన్నాడు ఆవిడ మొహం చూసి.

"మీ బావ కూడా తువ్వాలే కట్టుకున్నాడు."

ఓబులేసుకి ఎక్కడో పౌరుషం వచ్చింది. "బావ పెట్టెలో పిండి ఎవరు పట్టారనుకున్నావు? నేను పట్టిందే. మొదటి పన్నెండు గంటల పెట్టె నాదే. ఎవరికీ చెప్పలా, చెప్తే పంపు తిప్పుతారని."

గొప్పగా చెప్పుకున్నాడు. నిజంగానే గొప్పపనే చేశానని అనుకుంటున్నాడు. పాత ఫ్యాక్టరీలో ఖాసిం వాళ్ళూ ఇంతే. కోతమిషను మీద నీళ్ళు పడితే పలక జారుతుందని, పని సాగదని, తమ పంపు తామే కట్టేసుకున్నారు. కట్టొద్దని చెప్పాల్సిన మేస్త్రీ ఎక్కువ పలకలు దిగుతుంటే చూసి ఇంకోవైపు తిరిగి నిలబడేవాడు.

ఈ షెడ్డులో అలా ఇంకోవైపు తిరిగి నిలబడిన మనిషి దగ్గరికి వెళ్ళింది దస్తగిరమ్మ.

సంగతి వినగానే శేషుకుమారి మొహం ముందు వెలిగింది. దాన్ని దస్తగిరమ్మ చూసింది. "నీళ్ళు! అదన్నమాట. తడిగా పడితే నీళ్ళు ముందే వెళ్ళి పొరల్లో కూర్చుంటున్నాయి. బస్సులో కర్చీఫు వేసినట్టు. కరెంటుకి సీటు దొరకట్లేదు..." అంటూనే ఆగిపోయింది. వెలుగు ఆరింది. "ఓబులేసుకి ఎలా ఉంది?"

"ఇప్పుడడుగుతున్నావా?" దస్తగిరమ్మ ఎప్పుడూ ఆవిడని మీరు అనేది. ఇవాళ అది రాలేదు. "వారానికి రెండుసార్లు మిల్లు గది బయట నిలబడి బస్తాలు లెక్కపెట్టుకుని పోయావే, ఒక్కసారి తలుపు తీశావా? వాడి పిండి ఎందుకు బాగుందో రాయిని అడిగావు. వాణ్ణి అడగలా."

శేషుకుమారి కుర్చీలో కూర్చుంది. "అడిగాను. ఏం లేదు మేడం అన్నాడు. నాకు... ఇంకా లోతుగా అడగబుద్ధి కాలేదు. పన్నెండు గంటలు వస్తోంది కదా అనిపించింది."

కనీసం అబద్ధం చెప్పలేదు. దస్తగిరమ్మకి కోపం సగం తగ్గింది, సగం అలాగే ఉంది.

"ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు మూతవేసిన మిల్లులు పెడతారు," అంది శేషుకుమారి మెల్లగా. "దుమ్ము లాగే మిషన్లు పెడతారు. మాస్కులిస్తారు."

"పలకల ఫ్యాక్టరీకి కూడా పెట్టారు మేడం. గోడలో ఇంత ఫ్యాను. మూడో నెలకి మోటారు కాలింది. ఇరవయ్యేళ్ళు దాని రెక్కల మీద పిచ్చుకలు పిల్లల్ని చేసుకున్నాయి."

ఆ మధ్యాహ్నమే ఓబులేసుని మార్కాపురం తీసుకెళ్ళి ఛాతీ ఫోటో తీయించారు. మచ్చ కనపడలేదు. "ఇప్పటికి," అన్నాడు డాక్టరు, ఫోటో కవర్లో పెట్టి ఇస్తూ. ఆ ఒక్కమాట తిరుగు బస్సులో ముగ్గురి మధ్యా కూర్చుని వచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఐదున్నర. దస్తగిరమ్మ దాచలేదు. ఖాసింకి అంతా చెప్పింది. అతను గొట్టం సవరించుకుంటూ విన్నాడు.

"ఓబులేసు కూతురు ఏం చదువుతంది?"

"రెండో తరగతి."

"తీసెయ్."

"ఏంది తీసేది?"

"గోడమీది పెట్టె."

దస్తగిరమ్మ మంచం పక్కన కూర్చుంది. "వాడు పీల్చింది పీల్చేశాడయ్యా. పెట్టె తీస్తే వాడి ఛాతీలోంచి బయటికొస్తదా? పనికొచ్చేదాన్ని పారేసి ఏం సాధిస్తావు?"

"సోమారం ఆ కంపెనీ ఆయన యాడికొస్తాడు? ఇక్కడికే. నన్నూ నా గొట్టాన్నీ పెట్టెనీ కలిపి ఫోటో తీసుకుంటాడు. ఇట్టాంటివి ముప్పై వేలు చెయ్యండంటాడు. ముప్పై వేల పెట్టెలకి పొడిపిండి పట్టేవాళ్ళు ఎవరు? ఓబులేసు, ఓబులేసు తమ్ముడు, పెంచలమ్మ కొడుకు." ఊపిరి కోసం ఆగాడు. "నన్ను చూపించి అమ్ముకోనియ్యను. తీసెయ్ దస్తగిరీ."

"రాత్రికి?"

"ఆసుపత్రి సిలిండర్లు ఉన్నాయిగా. మూడు."

మూడు. శుక్రవారం, శని, ఆదివారం. సోమవారం సాయంత్రం ఆరింటికి లైను పోయేసరికి ఇంకేదైనా ఉండాలి, లేకపోతే లేదు. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ ఇచ్చేది పదిహేనో తారీకుకి. ఇన్నేళ్ళ కాపురంలో ఖాసిం ఎన్నిసార్లు మొండికేశాడో, ఏ మొండితనం లొంగుతుందో ఏది లొంగదో దస్తగిరమ్మకి తెలుసు. స్క్రూడ్రైవరు తీసింది. పెట్టె దించింది. గోడమీద రెండు మేకులు మిగిలాయి.

శనివారం పొద్దున్నే షెడ్డులో ఉంది. శేషుకుమారి అప్పటికే వచ్చి ఉంది. నిద్రపోయినట్టు లేదు.

"తడిపిండితో పన్నెండు గంటలు రావాలి మేడం. సోమారానికి."

"రాదు దస్తగిరమ్మా. రాత్రంతా చూశాను. తడిపిండికి ఐదు గంటలే. పన్నెండు కావాలంటే పెట్టె రెండున్నర రెట్లు పెద్దది అవ్వాలి."

"చెయ్యండి."

"కంపెనీ కొలత రెండడుగులు, మూడడుగులు. అంతకు మించి గోడకి తగిలించలేం."

"ఆ కొలత ఎవరి గోడది?"

శేషుకుమారి కంపెనీ కాయితం తిరగేసి చూసింది. "హైదరాబాదు ఫ్లాట్లది. వంటగది వెనకాల బాల్కనీ గోడ."

"నల్లరాయిపాడులో బాల్కనీలు ఎన్నున్నాయి?"

గుమ్మంలో ఓబులేసు నిలబడి ఉన్నాడు. రావద్దన్నా వచ్చాడు. ముక్కు చీదుకుని, నవ్వులాటకి అన్నాడు, "గోడకి ఆగకపోతే కిందే పెట్టొచ్చుగా మేడం. అరుగేసినట్టు. మనకి జాగాకేం కరువు."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండేళ్ళుగా శేషుకుమారి పిండిని ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా కొట్టిస్తూ వచ్చింది ఎందుకు? ఎక్కడో ఎవరి వంటగది వెనకాలో జాగా చాలదని. ఇక్కడ ఇంటిముందు పన్నెండడుగుల నేల ఊరికే పడి ఉంది. గేదె కూడా అక్కడ కట్టరు.

షెడ్డు వెనక పనికిరాదని పక్కన పెట్టిన తడిపిండి ఇరవై డ్రమ్ముల్లో ఉంది. మొత్తం దొర్లించుకుపోయారు. పాత ఫ్యాక్టరీలో ఫ్రేములు కొట్టిన ఆడవాళ్ళు ఎనిమిదిమంది కొంగులు బిగించి దిగారు. ఖాసిం ఇంటిముందు ఇటుకతో ఎనిమిదడుగుల తొట్టి లేచింది. దానికి తారు పూశారు, నీళ్ళు కారకుండా. లోపల వరసలు: బొగ్గుగుడ్డ, పలకపిండి ముద్ద, మళ్ళీ గుడ్డ. ముట్టుకుంటే చల్లగా, బురదగా, దుమ్మన్నది లేకుండా. వాళ్ళలో పెంచలమ్మ మోచేతుల దాకా ముంచి, "ఇరవయ్యేళ్ళు పని చేశాను, దగ్గకుండా చేసిన పని ఇదొక్కటే," అంది.

ఆదివారం మధ్యాహ్నానికి పైన బండలు పరిచి, ప్యానెళ్ళ తీగలు కలిపి ఎండకి వదిలేశారు. సాయంత్రం ఆరింటికి లైను పోయింది. మిషను అరుగు కరెంటు మీద నడవడం మొదలుపెట్టింది. ఎనిమిదింటికి ఆగింది.

పూట ఎండకి ఏడు గంటలైనా వస్తుందనుకున్నారు, ఐదు కూడా కాదు. రెండు. దస్తగిరమ్మ మూడో సిలిండరు తిప్పింది. అది ఆఖరిది.

సోమవారం తెల్లవారగానే బండలు లేపారు. శేషుకుమారి వంగి వరసల మధ్యకి చూపుడువేలు దూర్చబోయింది. వేలు దూరలేదు.

"ఇంత గట్టిగా ఎవరు పేర్చారు?"

"పేర్చడమంటే అట్టానే మేడం," అంది పెంచలమ్మ, తప్పేంటన్నట్టు. "సందు ఉంటే పలక పగలదా?"

అదీ సంగతి. పలక పేర్చిన చేతులు సందు ఉంచవు. లారీ కుదుపుకి ఒక పలక పగిలితే దినమంతా తిట్లు తిన్న చేతులవి. ఆ చేతులే ఇక్కడా కొట్టి కొట్టి, నొక్కి నొక్కి, గాలి చొరకుండా పేర్చాయి. ఉప్పునీళ్ళు కదలడానికి జాగాలేక పైపొరలు మాత్రమే కరెంటు పట్టుకున్నాయి. కింద సరుకంతా ఊరికే పడి ఉంది.

"దానికీ ఊపిరాడలా," అన్నాడు ఓబులేసు. ఖాసిం గుమ్మంలోంచి అతనివైపు చూసి దగ్గాడు.

మధ్యలో ఏం పెట్టాలి? ఇనుము తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ పుల్లలు కావాలంటే మార్కాపురం పోవాలి. దస్తగిరమ్మ ఇంట్లోకి వెళ్ళి కొత్త కొబ్బరిచీపురు తెచ్చింది. కట్టు తెంపి పుల్లలు పంచింది. ప్రతి వరసకీ నాలుగు పుల్లలు. పక్కింటి చీపురు, ఎదురింటి చీపురు. ఆ పొద్దున నల్లరాయిపాడులో ఒక వీధి మొత్తానికి వాకిలి ఊడ్చుకోను చీపురు లేకుండా పోయింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు "సందు ఉంచు, సందు ఉంచు" అని ఒకరినొకరు తిట్టుకుంటూ, చేతుల అలవాటుతో పోట్లాడుతూ, వరసలన్నీ తిరగేశారు. తొమ్మిదిన్నరకి బండలు పడ్డాయి. ఎండ బాగా ఉంది. ఆ ఒక్కదాంట్లో దేవుడు అడ్డం రాలేదు.

నాలుగింటికి కంపెనీ కారు వచ్చింది. దిగినాయన పేరు వంశీధర్, కుర్రాడు, మర్యాదస్తుడు. గోడమీద మేకులు చూశాడు, అరుగు చూశాడు, శేషుకుమారిని చూశాడు.

"ఇది ఎలా అమ్ముతాం మేడం? అరుగుని అట్టపెట్టెలో పెట్టి పంపలేం కదా."

"పంపక్కర్లేదు. ఏ ఊరివాళ్ళు ఆ ఊళ్ళో కట్టుకుంటారు."

"మరి మాకేంటి?"

వంశీధర్ గొంతు తగ్గించాడు. "పన్నెండు గంటల పెట్టెలు వచ్చాయి కదా. ఆ పద్ధతి రాసి ఇవ్వండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

ఆవిడ ఒకసారి ఓబులేసు వైపు చూసింది. తడిబురదలో మోకాళ్ళదాకా మునిగి, కాళ్ళు జివ్వుమంటున్నాయని గొణుక్కుంటూ డ్రమ్ము కడుగుతున్నాడు. "రాసి ఇస్తాను," అంది శేషుకుమారి. "పద్ధతితోపాటు ఆ పిండి పీల్చిన మనిషి ఛాతీ ఫోటో, డాక్టరు చెప్పినమాట, పక్కనే ఖాసింగారి ఫోటో కూడా పెడతాను. మొత్తం ఒకే కాయితం. విడదీసి ఇవ్వను. మీ కన్నా ముందు పేపర్లవాళ్ళకి ఇస్తాను."

వంశీధర్ వెళ్ళిపోయాడు. వచ్చే నెల నుంచి షెడ్డుకి పెట్టుబడి రాదు, అది అందరికీ తెలుసు. ఏదో ఒకరోజు ఇంకెవడో పొడిపిండి సంగతి కనిపెడతాడు, అదీ తెలుసు. అప్పటికి ఎన్ని ఊళ్ళలో ఎన్ని అరుగులు లేస్తే అంత నయం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాయి ఉంది, ఉప్పు ఉంది, నీళ్ళున్నాయి.

ఆరింటికి లైను పోయింది. వీధి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఖాసిం మిషను మాత్రం గురగురమంటూ నడుస్తోంది. ఎనిమిదైంది. నడుస్తోంది. దస్తగిరమ్మ ఇక గడియారం చూడడం మానేసి, అరుగులో కరెంటు ఎంత మిగిలిందో చూపే మీటరు పక్కనే చాప వేసుకుంది.

తెల్లారి ఆరింటికి లైను వచ్చేసరికి మీటరు మీద ఇంకా తొమ్మిది చూపిస్తోంది. వందలో తొమ్మిది. దస్తగిరమ్మ ఆ అంకెని వేలితో తుడిచి మళ్ళీ చూసింది. దుమ్ము కాదు, తొమ్మిదే.

ఏడింటికల్లా ఇంటిముందు జనం. ఊళ్ళో ముక్కుకి గొట్టాలున్న ఇళ్ళు పద్నాలుగు. పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. బండ మీద చెయ్యి వేసి, వెచ్చగా ఉందే అని ఆశ్చర్యపోతున్నారు. ఆ వెచ్చదనానికి పెంచలమ్మ కోడిపెట్ట అప్పటికే ఎక్కి కూర్చుంది, దిగనంటోంది. శేషుకుమారి నేలమీద కూర్చుని బొగ్గుముక్కతో కొలతలు గీసి చూపిస్తోంది. ఆవిడ చెప్పింది ఆడవాళ్ళు వినడం లేదు, తామే ఆవిడకి చెబుతున్నారు. ఓబులేసు తడికాళ్ళతో అందరి మధ్యా తిరుగుతూ, పంపు కట్టినోడి చెయ్యి విరగ్గొడతానని తనకి తానే చెప్పుకుంటున్నట్టు బిగ్గరగా అంటున్నాడు.

"ముందు పెంచలమ్మ మరిది ఇంటికి," అంది దస్తగిరమ్మ టేపు విప్పుతూ. "వాళ్ళ సిలిండరు రేపటికి అయిపోతది. పొడుగు ఎనిమిది, వెడల్పు మూడు. ఎత్తు మాదానంతే పెడదాం."

గుమ్మంలోంచి ఖాసిం చెయ్యెత్తాడు. ఒక్కో అడుగే వేసుకుంటూ, గొట్టం వెంట లాక్కుంటూ వచ్చి, కోడిని అవతలకి నెట్టి, అరుగు అంచు పట్టుకుని ఒక కాలు ఎత్తబోయి ఆగాడు. రెండోసారికి ఎక్కి కూర్చున్నాడు. రొప్పు తగ్గేదాకా అందరూ ఆగారు.

"ఒక జానెడు తగ్గించండే," అన్నాడు. "దీనిమీదికి ఎక్కేది ఊపిరి చాలనోళ్ళేగదా."